సికిల్ సెల్ రక్తహీనతలో విటమిన్లను, వెచ్చదనాన్ని సరిగ్గా వాడుకోవడం ఎలా?

సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవారూ, వారిని కనిపెట్టుకుని ఉండే ఇంటివారూ పదే పదే అడిగే ప్రశ్నలు రెండున్నాయి. రక్తం బాగా పారడానికి ఏ విటమిన్ వేసుకోవాలన్నది మొదటిది. నొప్పి వచ్చినప్పుడు కాపడం పెట్టవచ్చా, పెడితే ఎంతసేపు అన్నది రెండవది. జవాబు ముందే చెబుతాను. రక్తనాళాలను తెరిచి, కొడవలి ఆకారపు కణాలను ముందుకు నడిపించే విటమిన్ అంటూ ఏదీ లేదు. విటమిన్ చేయగలిగింది ఒంట్లో ఉన్న లోటును పూడ్చడం వరకే. వెచ్చదనం మాత్రం చర్మం దగ్గరి రక్తనాళాల మీద నిజంగానే పనిచేస్తుంది, అయితే నొప్పి మొదలయ్యాక వాడినప్పటికంటే ఒళ్లు చల్లబడకముందే వాడినప్పుడు ఎక్కువ మేలు చేస్తుంది. ఈ రెండూ వైద్యులు ఇచ్చిన హైడ్రాక్సీయూరియా వంటి మందులకు తోడుగా ఉండవలసినవే గాని, వాటికి బదులు కావు.

కారణం క్లుప్తంగా ఇది. ఈ వ్యాధిలో ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును వదిలిపెట్టగానే ఒకదానికొకటి అతుక్కుని గట్టి పోగులుగా మారుతుంది, దానితో కణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. అలాంటి కణాలు సన్నని నాళాలలో ఇరుక్కుని రక్తాన్ని అడ్డుకున్నప్పుడు వచ్చేదే నొప్పి దాడి. చలి తగిలితే చర్మంలోని సన్నని నాళాలు ముడుచుకుంటాయి. రక్తం వాటిలో నెమ్మదిగా సాగుతుంది. నెమ్మదించిన కణం ఊపిరితిత్తులకు తిరిగి చేరేలోపే ప్రాణవాయువును పోగొట్టుకుని వంగిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినా కణం లోపలి హిమోగ్లోబిన్ చిక్కబడి ఇదే జరుగుతుంది. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, ఈ కణాలు 10 నుంచి 20 రోజులలోనే నశిస్తాయి కాబట్టి ఎముక మజ్జ విరామం లేకుండా కొత్తవాటిని తయారుచేయవలసి వస్తుంది. కణాల తయారీకి కావలసిన బి విటమిన్ అయిన ఫోలిక్ యాసిడ్ అవసరం ఎక్కువయ్యేది ఇందువల్లనే.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

మిగిలినదంతా చదివే ముందు దీనిని చదవండి. శరీర ఉష్ణోగ్రత 38.5 డిగ్రీల సెల్సియస్ (101.3 డిగ్రీల ఫారెన్‌హీట్) దాటినా, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం వచ్చినా, ముఖం ఒక పక్కకు వంగినా, మాట తడబడినా, చెయ్యి లేదా కాలు పట్టు తప్పినా, చూపు హఠాత్తుగా తగ్గినా, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయి ఎడమవైపు కడుపు ఉబ్బినా, పురుషులలో అంగస్తంభన తగ్గకుండా రెండు గంటలు దాటినా కాపడాలతో, మాత్రలతో కాలం గడపకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ వైద్యులు జ్వరానికి ఇంతకంటే తక్కువ హద్దు చెప్పి ఉంటే ఆ హద్దునే పాటించండి. ఈ వ్యాధిలో సూక్ష్మక్రిములను అడ్డుకునే ప్లీహం అనే అవయవం చిన్నతనంలోనే పని మానేస్తుంది కాబట్టి, ఇతరులకు మామూలు జ్వరంగా పోయేది ఇక్కడ కొన్ని గంటలలో ప్రాణం మీదికి రావచ్చు. జ్వరంతో వణుకుతున్న మనిషికి దుప్పట్లు కప్పి తెల్లవారేదాకా చూద్దామనుకోవడం నేను విన్న పొరపాట్లన్నిటిలోకీ ప్రమాదకరమైనది.

కావలసినవి

పనిచేసే థర్మామీటరు, ఒక నోటుపుస్తకం, ప్రస్తుతం వాడుతున్న మందులూ మాత్రలూ అన్నీ, ఇటీవలి రక్తపరీక్షల కాగితాలు, మూత గట్టిగా బిగిసే వేడినీళ్ల సంచి లేదా వేడిని తగ్గించుకునే వీలున్న కరెంటు హీటింగ్ ప్యాడ్, మందపాటి తువ్వాళ్లు, పొరలుగా వేసుకోవడానికి వదులుగా ఉండే దుస్తులు, మేజోళ్లు, చేతి తొడుగులు, టోపీ. పల్స్ ఆక్సీమీటరు (వేలికి తగిలించి రక్తంలోని ప్రాణవాయువును చూసే పరికరం) ఉంటే మంచిదే. లేకపోయినా ఈ పనులేవీ ఆగవు.

1. మందులన్నీ ఒకచోట పరచి చూడండి.

వైద్యులు రాసినవి, మీరు కొనుక్కున్నవి, ఎవరో మంచివని ఇచ్చినవి అన్నీ బల్ల మీద పెట్టి, ఒక్కొక్క సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలను చదివి, ఏ పదార్థం ఎంత ఉందో పుస్తకంలో రాసుకోండి. చాలామందికి ఇక్కడే రెండు విషయాలు బయటపడతాయి. ఒకే విటమిన్ మూడు సీసాలలోనూ ఉండి మొత్తం మోతాదు మితిమీరిపోవడం ఒకటి. రక్తహీనత అన్న మాట వినగానే కొనుక్కున్న మల్టీవిటమిన్ మాత్రలో ఇనుము ఉండటం రెండవది.

ఇనుము సంగతి వివరంగా చెప్పవలసిందే. ఈ వ్యాధిలో రక్తం తగ్గేది కణాలు త్వరగా పగిలిపోవడం వల్ల. పగిలిన కణాలలోని ఇనుము ఒంట్లోనే మిగులుతుంది. పైగా ఎక్కించుకున్న ఒక్కొక్క సీసా రక్తంతో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము వచ్చి చేరుతుంది, అదనపు ఇనుమును బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. ఆరోగ్యవంతులు రోజుకు ఆహారం నుంచి గ్రహించేది ఒకటి రెండు మిల్లీగ్రాములే అని గుర్తుంచుకుంటే ఆ లెక్క ఎంత పెద్దదో తెలుస్తుంది. పేరుకుపోయిన ఇనుము కాలేయాన్నీ గుండెనూ పాడుచేస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ వంటి పరీక్షలలో నిజంగా లోటు ఉందని తేలి, వైద్యులు రాస్తే తప్ప ఇనుము మాత్ర వేసుకోకండి.

2. కొనడానికి ముందు పరీక్ష చేయించండి.

మీ వైద్యులను అడిగి హిమోగ్లోబిన్, రెటిక్యులోసైట్ల (మజ్జ నుంచి కొత్తగా వచ్చిన ఎర్రకణాల) లెక్క, ఫెరిటిన్, బి12, విటమిన్ డి, మూత్రపిండాల పనితీరు చూపించే పరీక్షలు చేయించుకోండి. నొప్పి దాడిలో ఉన్నప్పుడు కాకుండా కుదురుగా ఉన్న రోజులలో చేయించుకుంటేనే మీ మామూలు స్థాయి ఏమిటో తెలుస్తుంది. తీవ్రమైన రకం ఉన్న చాలామందికి హిమోగ్లోబిన్ 6 నుంచి 9 గ్రాముల మధ్యనే నిలకడగా ఉంటుంది. దానిని ఇతరుల 13తో పోల్చుకుని బెంగపడి మాత్రలు పెంచడం వల్ల ప్రయోజనం లేదు. మీ అంకెను మీ పాత అంకెతోనే పోల్చాలి.

3. ఫోలిక్ యాసిడ్‌ను క్రమం తప్పకుండా, రాసినంతే వేసుకోండి.

పెద్దలకు సాధారణంగా రోజుకు 1 మిల్లీగ్రాము రాస్తారు, కొన్నిచోట్ల 5 మిల్లీగ్రాములు కూడా ఇస్తారు. పిల్లలకు వయసును బట్టి తగ్గుతుంది. ఇది కొత్త కణాల తయారీకి ముడిసరుకు, అంతే. కణం వంగడాన్ని ఆపదు, నొప్పిని తగ్గించదు, నాళాలను వెడల్పు చేయదు. అందువల్ల నొప్పి వచ్చిన రోజున రెండు మాత్రలు వేసుకోవడంలో అర్థం లేదు. ఒక రోజు మరిచిపోతే మరునాడు ఎప్పటిలా ఒకటే వేసుకోండి. హైడ్రాక్సీయూరియా వాడేవారిలో ఎర్రకణాలు మందు వల్లనే పెద్దవవుతాయి కనుక, ఫోలిక్ యాసిడ్ లోటు ఉన్నా ఆ సంగతి మామూలు రక్తపరీక్షలో దాగిపోతుంది; వారికి ఈ మాత్ర సంగతిలో అశ్రద్ధ తగదు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతున్నవారు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టే ముందు వైద్యులకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే రక్తంలో ఆ మందు స్థాయి తగ్గవచ్చు.

4. తిమ్మిరి అంతా రక్తం అందకపోవడమే అనుకోకండి.

పాదాలలో తిమ్మిరి, సూదులతో పొడిచినట్టు ఉండటం కనిపించగానే రక్తప్రసరణ సరిగా లేదనుకుని మరికొన్ని విటమిన్లు కొనేవారు ఎందరో ఉన్నారు. బి12 లోపించినా ఇవే లక్షణాలు వస్తాయి. ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వాడితే బి12 లోటు వల్ల వచ్చే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది గాని, నరాల నష్టం లోపల సాగుతూనే ఉంటుంది. విచిత్రమేమంటే బి6ను పెద్ద మోతాదులో నెలల తరబడి వేసుకున్నా నరాలు దెబ్బతిని ఇదే తిమ్మిరి వస్తుంది. జింక్‌ను మితిమీరి వాడితే రాగి లోపించి, రక్తహీనతతోపాటు మళ్లీ ఈ తిమ్మిరే వస్తుంది. నయం చేద్దామనుకున్న మాత్రే కారణం కావచ్చు. అందుకే మొదటి మెట్టులో రాసుకున్న జాబితాను వైద్యులకు చూపించాలి.

5. విటమిన్ డి, జింక్: లోటు తేలితేనే.

విటమిన్ డి లోపం ఈ వ్యాధి ఉన్నవారిలో చాలా సాధారణం. దాని వల్ల వచ్చే ఎముకల నొప్పిని నొప్పి దాడిగా పొరబడటమూ సాధారణమే. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోటుగా లెక్కిస్తారు. పెద్దలు వైద్యుల సలహా లేకుండా రోజుకు 4000 యూనిట్లు దాటకూడదు. వారానికి ఒకటి వేసుకోవలసిన పెద్ద మాత్రను రోజూ వేసుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు: విటమిన్ డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి, మూత్రం ఎక్కువగా పోయి, ఒంట్లో నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే కణాలు మరింతగా వంగుతాయి. మాత్ర మీద రోజుకా, వారానికా అన్నది పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. జింక్ లోటు ఉన్నవారిలో దానిని పూడిస్తే ఇన్‌ఫెక్షన్లు తగ్గినట్టు కొన్ని పరిశోధనలలో కనిపించింది; పెద్దలకు దాని గరిష్ఠ పరిమితి రోజుకు 40 మిల్లీగ్రాములు.

6. రక్తప్రసరణ పేరుతో అమ్మేవాటిని పక్కన పెట్టండి.

నియాసిన్ (బి3 విటమిన్) వేసుకుంటే చర్మం ఎర్రబడి, వెచ్చగా, జివ్వుమన్నట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతి చూసి రక్తం కదిలిందని నమ్ముతారు. చర్మం పైపొరలో కాసేపు కలిగే ఆ మార్పు ఎముకలో, ఊపిరితిత్తులలో ఇరుక్కున్న కణాలను కదిలించదు, పెద్ద మోతాదు కాలేయానికి చేటు. విటమిన్ సి, ఇ కలిపి ఎక్కువగా ఇచ్చి చూసిన ఒక పరిశోధనలో మేలు కనిపించకపోగా, కణాలు పగలడం పెరిగిన గుర్తులు కనిపించాయి. పైగా సి విటమిన్ పేగుల నుంచి ఇనుము చేరికను పెంచుతుంది. రక్తం పలచబరిచే మందులు వాడేవారికి ఇ విటమిన్ పెద్ద మోతాదు రక్తస్రావాన్ని తెచ్చిపెట్టవచ్చు. ఆహారంలో వచ్చే సి, ఇ గురించి భయం అక్కరలేదు.

ఎల్-గ్లుటమిన్ గురించి కూడా అడుగుతుంటారు. అది విటమిన్ కాదు, అమైనో ఆమ్లం. అయిదేళ్లు, ఆపై వయసు రోగులలో దాడుల సంఖ్య తగ్గించడానికి అమెరికాలో 2017లో దానికి అనుమతి వచ్చింది. అది బరువును బట్టి రాసే మందు. కండల కోసం అమ్మే డబ్బాను దాని బదులు వాడకండి.

7. ఒళ్లు చల్లబడక ముందే వెచ్చగా ఉంచుకోండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ దీని మీద పెట్టమని కోరుతున్నాను. చేతులు చల్లబడగానే చేతులనే వెచ్చబెట్టాలని చూస్తాం గాని, చేతులకు రక్తం తగ్గించాలని శరీరం నిర్ణయించేది మొండెం చల్లబడుతున్నప్పుడు. కాబట్టి ముందు ఛాతీ, వీపు, తల కప్పుకోవాలి, ఆ తరువాతే తొడుగులు, మేజోళ్లు. ఒక మందపాటి కోటు కంటే రెండు మూడు వదులైన పొరలు మేలు. గదిలోకి రాగానే ఒకటి విప్పవచ్చు, చెమట పట్టదు. చెమటతో గాని, వానతో గాని తడిసిన బట్ట ఒంటి మీదే ఆరితే అది చలిగాలికంటే వేగంగా వేడిని లాగేస్తుంది, కనుక అదనపు జత ఎప్పుడూ వెంట ఉంచుకోండి.

చలిలోకి వెళ్లే ముందు లోపలే ఉండి అయిదు నిమిషాలు అటూ ఇటూ నడిచి, చేతులు ఆడించి, ఒళ్లు వెచ్చబడ్డాక బయలుదేరండి. ఎండలోంచి నేరుగా ఏసీ గదిలోకి వెళ్లినా ఇదే ఇబ్బంది కనుక పైపొర ఒకటి చేతిలో ఉండాలి. ఈత కొట్టాలంటే గోరువెచ్చని నీళ్లు ఉన్న కొలనులో, కొద్దిసేపు, బయటికి రాగానే తుడుచుకునే ఏర్పాటుతో మాత్రమే. చన్నీటి ఈత ఈ వ్యాధిలో దాడికి పేరుపడ్డ కారణం.

ఇక్కడ మూడు తప్పులు తరచుగా జరుగుతాయి. బిగుతు బూట్లలో రెండేసి మేజోళ్లు వేసుకోవడం మొదటిది. పాదం ఒత్తుకుపోయి రక్తం ఇంకా తగ్గుతుంది. సాగే పట్టీ పిక్కకు గాటు పెట్టే మేజోళ్లూ అంతే. రెండవది, చెమట పట్టేంతగా దుప్పట్లు కప్పడం. చెమటతో నీరు పోతుంది, చెమట ఆరుతున్నప్పుడు మళ్లీ చలి తగులుతుంది. మూడవది ప్రాణాంతకం: తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవడం. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని వదలదు.

8. నొప్పి మొదలైతే కాపడం ఇలా పెట్టండి.

ముందు ఉష్ణోగ్రత చూసి రాసుకోండి. కాపడం పెట్టాక, వేడి పానీయం తాగాక, దుప్పటిలోంచి లేచిన వెంటనే చూస్తే అంకె తప్పు రావచ్చు. పారాసిటమాల్ వేసుకున్నాక చూస్తే ఉన్న జ్వరం దాగిపోతుంది. జ్వరం లేదని తేలాక, వైద్యులు రాసిచ్చిన నొప్పి మందును చెప్పిన ప్రకారం వేసుకోండి. తరువాత సంచిలో మరిగే నీళ్లు కాకుండా చెయ్యి ఓర్చుకోగల వేడినీళ్లు మూడింట రెండు వంతులు పోసి, గాలి తీసి మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసి, మందపాటి తువ్వాలులో చుట్టి నొప్పి ఉన్నచోట ఉంచండి. ఒకసారికి 15 నుంచి 20 నిమిషాలు చాలు. అయిదేసి నిమిషాలకు తీసి చర్మం చూడండి. నల్లని చర్మంలో ఎరుపు కనిపించదు కనుక చేత్తో తాకి, మంటగా ఉందా అని అడిగి తెలుసుకోవాలి. అరగంట విరామం ఇచ్చి మళ్లీ పెట్టవచ్చు.

నిద్రపోతూ ప్యాడ్ ఉంచుకోకండి. నొప్పి మందుల మత్తులో కాలుతున్నది తెలియదు. ఒంటికి అంటించే ఫెంటనిల్ (బలమైన నొప్పి మందు) పట్టీ వాడుతున్నవారు దాని మీద, దాని పక్కన వేడి తగలనివ్వకూడదు. మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగి శ్వాస మందగిస్తుంది. నొప్పి లేపనం రాసినచోట కాపడం పెడితే చర్మం బొబ్బలెక్కవచ్చు, రెండింటిలో ఒకటే చేయండి. చీలమండ దగ్గర పుండ్లు ఉన్నచోట, తిమ్మిరిపట్టి స్పర్శ తెలియనిచోట కాపడం వద్దు. ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఈ వ్యాధిలో ఆ అవకాశం ఎక్కువ. కాపడమూ మర్దనా మాని ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లల చేతులు, పాదాలు వాచినప్పుడు వెచ్చని తువ్వాలు చుట్టి, గట్టిగా రుద్దకుండా, వైద్యులకు చూపించండి.

ఇక ఐసు. బెణుకుకు ఐసు పెట్టే అలవాటుతో ఈ నొప్పికీ పెడతారు. పెట్టకండి. చలి నాళాన్ని ముడిచేస్తుంది, అసలు సమస్యే అది.

కాపడం బదులు గోరువెచ్చని స్నానం కూడా చేయవచ్చు. పిల్లలకు 37 నుంచి 38 డిగ్రీల సెల్సియస్, పెద్దలకు 40 దాటకుండా ఉండాలి; థర్మామీటరు లేకపోతే మోచేత్తో చూడండి, వెచ్చగా తగలాలి గాని చురుక్కుమనకూడదు. స్నానం వల్ల వచ్చిన మేలంతా తలుపు తెరిచిన ఆ రెండు నిమిషాలలో పోతుంది, కాబట్టి తువ్వాలూ పొడి బట్టలూ నీళ్లలో దిగకముందే అందేచోట ఉంచుకోండి.

9. వెచ్చదనంతోపాటు నీళ్లు.

పెద్దలకు రోజుకు 8 నుంచి 10 గ్లాసులు అవసరం; ఎండలో, జ్వరంలో, విరేచనాలలో ఇంకా ఎక్కువ. మూత్రపిండాల, గుండె జబ్బు ఉన్నవారు వైద్యులు చెప్పిన కొలతే పాటించాలి. మూత్రం రంగు చూసి నీరు సరిపోయిందనుకోవద్దు: ఈ వ్యాధిలో మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు కనుక ఒళ్లు ఎండిపోతున్నా మూత్రం పలచగానే ఉండవచ్చు, కామెర్ల వల్ల నీరు సరిపోయినా ముదురుగా కనిపించవచ్చు. గ్లాసుల లెక్క రాసుకోవడమే నమ్మదగిన పద్ధతి.

10. ఫలితం ఉందో లేదో చూసుకోండి.

కాపడానికి ముందూ, తీసిన అరగంటకూ నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేసి రాయండి. అంకె తగ్గితే పద్ధతి పనిచేస్తోంది. రెండు మూడు విడతలకూ తగ్గకపోతే, లేదా మీకు ఎప్పుడూ వచ్చే నొప్పిలా లేకపోతే, వేడి పెంచకండి, ఆసుపత్రికి బయలుదేరండి. తుంటిలోనో భుజంలోనో వారాల తరబడి ఒకేచోట ఉండి, నడిస్తే పెరిగే నొప్పి ఎముకకు రక్తం అందక అది దెబ్బతినడం వల్ల కావచ్చు. దానికి స్కానింగ్ కావాలి.

చేతులు వెచ్చబడ్డాక గోరును అయిదు సెకన్లు నొక్కి వదలండి. రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చల్లని చేతితో చేస్తే ఈ పరీక్షకు విలువ లేదు. ఆక్సీమీటరు కూడా చల్లని వేలికి తక్కువ చూపిస్తుంది; వేలిని వెచ్చబెట్టి, గోళ్లరంగు తీసి మళ్లీ చూడండి. అప్పటికీ మీ మామూలు అంకె కంటే తక్కువే ఉంటే ఆగవద్దు. అంకె బాగుందని ఆయాసాన్ని నిర్లక్ష్యం చేయనూ వద్దు, ఎందుకంటే నల్లని చర్మం మీద ఆ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది.

విటమిన్ల ఫలితం ఇంత త్వరగా తెలియదు. ఒకేసారి మూడు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో చెప్పలేం కనుక ఒక్కొక్కటే మొదలుపెట్టి, మూడు నెలల తరువాత అదే పరీక్ష చేయించి పాత కాగితం పక్కన పెట్టి చూడండి. ఈ మధ్యలో హిమోగ్లోబిన్‌తోపాటు రెటిక్యులోసైట్లు కూడా హఠాత్తుగా పడిపోతే అది విటమిన్ చాలకపోవడం అనుకోకండి. పార్వోవైరస్ సోకి మజ్జ తాత్కాలికంగా పని ఆపినా అలాగే ఉంటుంది, దానికి రక్తం ఎక్కించవలసి రావచ్చు.

తరువాతి సారి వైద్యులను కలిసేటప్పుడు ఆ నోటుపుస్తకం పట్టుకెళ్లండి. నొప్పి వచ్చిన తేదీలు, ఆ రోజు చలి తగిలిందా, తడిశారా, ఎన్ని గ్లాసులు తాగారు, కాపడానికి ముందూ తరువాతా అంకెలు, వేసుకున్న ప్రతి మాత్ర పేరూ మోతాదూ అందులో ఉంటే, ఏది కొనసాగించాలో ఏది మానాలో ఆయన అక్కడికక్కడే చెప్పగలుగుతారు.